క్రిస్మస్ పాటల ఫోల్డర్

మా లూర్దు మేరీ పిన్ని అనకాపల్లిలో సంబంధాలు కుదురుస్తుంది. ఏ ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉందో చర్చి ఫాదర్‌గారికన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది. ఆ పిల్లల ఫోటోలన్నీ హాల్లో ఉన్న కంప్యూటర్లో ఉండేవి. వచ్చినవాళ్లెవరైనా కుర్చీ లాక్కుని, టీ తాగుతూ, పెళ్లి ఆల్బమ్ తిరగేసినట్టు తిరగేసేవాళ్లు. పిన్ని నోట 'వద్దు' అనే మాట పుట్టేది కాదు. అది చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. ఎవరింటి ఆడపిల్లనైనా దారినపోయేవాడు చూసి వంకలు పెట్టడమేమిటి?

మునగపాక నుంచి కుమారి వచ్చింది. భర్త పోయాక చిన్నపాపతో అత్తగారింట్లోనే ఉంటోంది. మళ్లీ పెళ్లి చేసుకోవాలని ఉంది. కిందటేడు ఒక సంబంధం కుదిరినట్టే కుదిరింది. అంతలో ఆ సంగతి భర్త అన్న ధనరాజ్ చెవిన పడింది. అతను నేరుగా మగపెళ్లివారింటికి పోయి, కుమారికేదో జబ్బుందని చెప్పి చెడగొట్టి వచ్చాడు.

"మేరీ అక్కా, ఈసారి అబ్బాయి ఒప్పుకున్నాక నానే మా అత్తకి సెప్పీవరకూ ఎవ్వరికీ తెలీకూడదు. ఇదీ పోతే నానింక పెళ్లి మాటెత్తను," అంది కుమారి.

"పోదు. నాను సూసుకుంటాను," అంది పిన్ని.

చూసుకున్న తీరు చెబితే నవ్వుతారు. కుమారి ఫోటోని ఒక ఫోల్డర్లో పెట్టి, దానికి 'క్రిస్మస్ పాటలు' అని పేరు పెట్టింది. అదెవరు తెరుస్తారని ఆవిడ ధీమా. డిసెంబరు రానే వచ్చింది. మునగపాక క్యారల్స్ బృందం తరఫున పెన్‌డ్రైవ్ పట్టుకుని దిగినవాడెవరు? సాక్షాత్తూ ధనరాజ్!

"పిన్నమ్మా, పాటలున్నాయి కదా నీ కాడ? ఇదిగో, ఇక్కడే ఉన్నాయి," అంటూ మౌస్ మీద చెయ్యి వేశాడు.

పిన్ని ప్లగ్గు పీకేసింది. "కరెంటు పోయింది బాబూ!"

నెత్తిమీద ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంది. ధనరాజ్ దాని వంక చూశాడు, పిన్ని వంక చూశాడు. మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

అతను గుమ్మం దాటగానే పిన్ని నాకు ఫోన్ చేసింది. వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. "బోర్డు మార్చి తలుపు తెరిచిపెడితే దొంగ రాడా పిన్నీ? తాళం వెయ్యాలి," అన్నాను. కంప్యూటర్లో ఆవిడకి వేరే ఖాతా తెరిచి, పెళ్లికూతుళ్ల ఫోటోలన్నీ అందులో చేర్చి, పాస్‌వర్డ్ పెట్టించాను. వచ్చినవాళ్లకి ఇంకో ఖాతా. అందులో నిజంగానే పాటలు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నన్ను కూడా అటు తిరగమంది. నాకెంత సంతోషమేసిందో!

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. "ఏటి మేరీ, మా దగ్గిర కూడా దాపరికమా?" అని మూతులు ముడుచుకుని కొందరు రావడం మానేశారు. చెప్పిన ప్రకారం ధనరాజ్ మళ్లీ వచ్చాడు.

"తాళమేటి పిన్నమ్మా? పాస్‌వర్డ్ సెప్పు."

"సెప్పను," అంది పిన్ని. ఆ ఒక్క మాటకే ఆవిడకి చెమటలు పట్టాయి. "ఆడపిల్లలు నన్ను నమ్మి ఇచ్చేరు. నీకు పాటలు కదా కావాలి, ఇవిగో, పట్టుకెళ్లు."

అతను గొణుక్కుంటూ పాటలు ఎక్కించుకుని పోయాడు. పిన్ని ఎవరి గుట్టూ బయటపెట్టదన్న సంగతి మాత్రం ఊళ్లోకి పాకింది. ఇదివరకెప్పుడూ గడప తొక్కనివాళ్లు, విడాకులైనవాళ్లు, భర్త పోయినవాళ్లు, ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు.

ఈస్టర్ దాటాక కుమారి తన అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. బుచ్చయ్యపేట మెకానిక్ ఒకతను ఒప్పుకున్నాడు. పాపని కూడా తన పిల్లలాగే చూసుకుంటానన్నాడు. దారి పొడుగునా కుమారి ఆ సంగతంతా అత్తకి చెప్పేసిందట. ముసలావిడ అవుననీ కాదనీ అనలేదట.

"అక్కా, అతనికి పంపిన ఫోటో మా అత్తకి సూపించు," అంది కుమారి.

ఫోటో తెర మీదకి వచ్చింది. ముసలావిడ కళ్లజోడు సర్దుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఇది సూసే ఒప్పుకున్నాడా ఆ అబ్బాయి?"

"అవునత్తా."

"ఇదేం ఫోటో? నా కోడలు ఇంతకన్నా బాగుంటాది," అంది ముసలావిడ. "ధనరాజు సంగతి నాకొదిలీ. నువ్వెళ్లి మంచిది తీయించుకో."