బాపు విమానం ఎక్కే రోజు, జెయింట్ వీల్ లైన్లో

మా చిన్నప్పుడు... ఎల్లారెడ్డిలో యూరియా లారీ వచ్చిందంటే, దుకాణం ముందు మనుషుల కంటే ముందు చెప్పులు లైన్లో ఉండేవి. ఎవరి జోడు వాళ్లు వరుసలో విడిచి, నీడకు పోయి చాయ్ తాగుతూ కూర్చునేవాళ్లు. షట్టరు లేచేదాకా ఆ చెప్పుల్ని ఎవరూ జరిపేవాళ్లు కాదు. జోడు ఉందంటే మనిషి ఉన్నట్టే లెక్క.

అదే ధీమాతో మా బాపు హైదరాబాదులో ఆటల పార్కు లైన్లో కూడా చెప్పులు విడిచాడు...

అప్పుడు నేను నాలుగో తరగతి. తెలంగాణ ఇంకా రాలేదు. బాపు దుబాయిలో పని చేసేవాడు. రెండు నెలల ఛుట్టీ మీద ఊరికి వచ్చినప్పుడు, తన పక్కన కూర్చోబెట్టుకుని జెయింట్ వీల్ ఎక్కిస్తానని నాకు మాట ఇచ్చాడు. కామారెడ్డిలో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు కింద నుంచి చూడటమే తప్ప నేను ఎన్నడూ ఎక్కింది లేదు.

ఆ రెండు నెలలూ బోరు వేయించడం, ఇంటికి రేకులు మార్చడం, చుట్టాల పెళ్లిళ్లు... వీటితోనే గడిచిపోయాయి. చివరికి మిగిలింది ఆయన తిరిగి పోయే రోజు ఒక్కటే. విమానం రాత్రికి.

"పొద్దుగాల్నే ఎల్లుదాం. నడుమ పార్కుల దిగుదాం. బిడ్డను జెయింట్ వీల్ ఎక్కిచ్చినంకనే నేను విమానం ఎక్కుత," అన్నాడు బాపు.

బాపు, అమ్మ, నేను. జీపు నడిపేది మా ఊరి సాయిలన్న. కామారెడ్డి దాటేసరికి తెల్లారింది. హైదరాబాదులో పార్కు ముందు దిగాక సాయిలన్న జీపు దగ్గరే ఉండిపోయాడు, మేం ముగ్గురం లోపలికి పోయాం.

ఎండాకాలం సెలవులు కదా... లోపల ఇసుకేస్తే రాలనంత జనం. ఊరి జాతరలో అయితే జనం తిరుగుతుంటారు. ఇక్కడ అందరూ నిలబడి ఉన్నారు. ఇనుప కడ్డీల మధ్య మెలికలు తిరిగిన లైను, పైన నీడ లేదు. నేను ఎండకు తాళలేకపోతుంటే బాపు తన చెప్పులూ అమ్మ చెప్పులూ అక్కడ విడిచి, వెనకాయనతో "జర సూస్తుండు అన్నా" అని చెప్పి, మమ్మల్ని నీడకు తీసుకుపోయాడు. ఇద్దరూ కాలే గచ్చు మీద వట్టి కాళ్లతోనే నడిచారు.

కొంచెంసేపటికి తిరిగి వస్తే లైను ఎక్కడికో పోయింది. వెనకాయన కనపడలేదు. మా చెప్పులు గోడవారగా పడి ఉన్నాయి, ఒకటి బోర్లా.

"మా నంబరు గీడ ఉండె సార్. గవి మా చెప్పులే," అన్నాడు బాపు.

"చెప్పులకు లైనేంటండీ? వెనక్కి వెళ్లండి," అన్నాడు అక్కడ నిలబడ్డ ఒకాయన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బాపు కూడా వాళ్లతో పాటు నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఊళ్లో అందరూ కుర్చీ వేసి కూర్చోబెట్టే మనిషి మా బాపు... చెప్పులు చేత్తో పట్టుకుని లైను చివరికి నడిచాడు.

మళ్లీ మొదటి నుంచి నిలబడ్డాం. లైను నత్తనడక. పొద్దు తిరిగింది. సాయిలన్న ఫోను చేశాడు, ఎయిర్‌పోర్టుకు ఆలస్యమైతది, ఇగ రమ్మని. "ఆగు సాయిలూ, దగ్గరికచ్చినం," అన్నాడు బాపు. మేమేం దగ్గరికి రాలేదు.

"ఎందుకు కదుల్తలేదే అమ్మా?" అని నేను గునిశాను.

నా మొహం మీద చెమట తుడుస్తూ అమ్మ అంది.

"కదలకుంటే మంచిదే గదనే... గిట్లనే ఉండనీ."

నాకు ఒళ్లు మండింది. నా జెయింట్ వీల్ మీద ఈమెకేం పగ అనుకున్నాను.

మళ్లీ ఫోను. ఈసారి బాపు ముందున్న జనాన్ని చూసి, వంగి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఈసారికి ఇడిసిపెడదామా బిడ్డా? మల్లచ్చినప్పుడు ఎక్కుదాం." ఆయన మొహం చూసి తల ఊపాను.

బాపు, నేను కడ్డీ కింద నుంచి దూరి బయటికి వచ్చాం. అమ్మ రాలేదు. కడ్డీ పట్టుకుని అక్కడే నిలబడింది. వెనకవాళ్లు "జరగమ్మా, జరుగు" అంటున్నారు. అమ్మ ముందుకు జరగదు, బయటికి రాదు.

"రావే... యాల్లయింది," అన్నాడు బాపు. అమ్మ తల అడ్డంగా ఊపింది.

బాపు మళ్లీ లోపలికి దూరి, అంతమంది ముందు అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. మా ఇండ్లల్లో నలుగురిలో భార్య చెయ్యి పట్టుకోవడం ఎక్కడిది? నేను చూడటం అదే మొదలు. ఏమన్నాడో నాకు వినపడలేదు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని బయటికి వచ్చింది... జీపు దాకా ఆ చెయ్యి విడవలేదు.

ఆ లైను కదలనంతసేపే బాపు మా పక్కన ఉంటాడని అమ్మకు తెలుసు. నాకు తెలియలేదు. ఆ రాత్రి తిరుగు దారిలో, జీపులో బాపు కూర్చున్న చోటు ఖాళీగా కనపడినప్పుడు తెలిసింది.

బాపు మళ్లీ మూడేళ్లకు వచ్చాడు. వచ్చిన మర్నాడే, "పార్కుకు పోదామా బిడ్డా?" అని అడిగాడు.

"వద్దు బాపూ... ఇంట్లనే ఉందాం," అన్నాను.

ఈ మధ్య స్నేహితులతో ఒక పార్కుకు పోయాను. జనం అప్పటికి రెట్టింపు. ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లకు వేరే లైను, వాళ్లు చకచకా పోతున్నారు. మిగతావాళ్లంతా ఫోన్లలో తలలు పెట్టి, ఎప్పుడు కదులుతుందా అని విసుక్కుంటున్నారు. వాళ్ల తప్పు లేదు, ఎండలో నిలబడటం ఎవరికి ఇష్టం?

నేను మాత్రం లైన్లో ఉన్న మొహాలనే చూస్తూ నిలబడ్డాను... ఈ రాత్రి విమానం ఎక్కాల్సిన తండ్రి ఎవరైనా పిల్లను పట్టుకుని నా వెనక ఉన్నాడేమోనని. ఉంటే అతన్ని నాకంటే ముందుకు పంపాలా, ఇంకాసేపు అక్కడే ఉండనివ్వాలా... ఇప్పటికీ నాకు తేలలేదు. మీ ఇండ్లల్లోంచి కూడా ఎవరైనా ఇట్లా దుబాయికో ఎక్కడికో పనికి పోయి ఉంటారు కదా... మీరైతే ఏం చేసేవారో చెప్పండి.