ఇద్దరు రాజలింగాలు, ఒక డబ్బా

గాదె రాజలింగం టైపు మిషను మీద గీత కొడితే, స్కేలు పెట్టి గీసేవాళ్లు సిగ్గుపడేవారు. అడ్డగీతలు వరసగా కొట్టి పైకప్పు వేసేవాడు, నిలువు గీతలు ఒకదాని కింద ఒకటి దించి గోడలు కట్టేవాడు. ఆ గోడల మధ్య తాలూకాలోని బావులు, బర్రెలు, కరువు పనులు అన్నీ బుద్ధిగా కూర్చునేవి. మహబూబాబాద్‌లో పదమూడేళ్లు ఆయన చేసిన ఉద్యోగం అదే. తోటి గుమాస్తాలు ఆయన్ని డబ్బాల రాజలింగం అనేవారు, ఆయన దాన్ని బిరుదు కిందే తీసుకున్నాడు.

ఈ విద్య ఆయనకు చదువు వల్ల రాలేదు, చదువు ఆగిపోవడం వల్ల వచ్చింది. అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం లేచినప్పుడు జనగామలో హైస్కూలు ఆఖరి తరగతిలో ఉన్నాడు. బడి మూతపడింది. నాలుగు రోజులు అందరితో పాటు రోడ్డు మీద గొంతు చించుకున్నాడు. ఐదో రోజు లాఠీలు లేచేసరికి కాళ్లు ఎటు తీసుకుపోతే అటు ఉరికి, స్టేషన్ దగ్గర ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో దూరాడు. దాని యజమాని వెంకటనర్సయ్య కిటికీ లోంచి బయటికి చూసి, "కూసో, ఏదన్న కొడుతుండు. పోలీసోడు అడిగితే మా దగ్గర నేర్సుకునే పోరడే అంట" అన్నాడు. రాజలింగం కనిపించిన అక్షరమల్లా కొట్టడం మొదలుపెట్టాడు. పోలీసులు ఆ గల్లీ వదిలేసరికి సాయంత్రమైంది, బడి తెరిచేసరికి ఏడాది తిరిగింది. ఈలోగా లోయర్ పాసై, హయ్యర్ పరీక్షకు కట్టాడు. ఉద్యమానికి రాష్ట్రం రాలేదు గానీ రాజలింగానికి టైపు వచ్చింది.

మనిషికి ఏ లోటూ లేదు, ఒక్క పేరు తప్ప. ఊళ్లో ఆయన చిన్న రాజలింగం. ఎందుకంటే ఇంట్లో అంతకు ముందే ఒక పెద్ద రాజలింగం ఉన్నాడు, స్వయానా అన్న. ఆ పక్కల ఇది వింతేమీ కాదు. ఏ ఊరికి పోయినా పెద్ద, నడిపి, చిన్న అని ముందు తగిలించుకుని ఒకే పేరుతో ముగ్గురు అన్నదమ్ములు నాగళ్లు కట్టుకుంటూ కనిపిస్తారు. పిలిచేవాళ్లకూ పలికేవాళ్లకూ లేని ఇబ్బంది మన టైపిస్టుకు వచ్చిపడింది. మీసం పెట్టి, ఇద్దరు పిల్లల తండ్రయి, సర్కారు కుర్చీలో కూర్చున్నవాణ్ణి ఇంకా చిన్న అనడమేమిటి? సర్వీసు పుస్తకంలో ఆ ముక్క రాయించలేదు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు కూడా.

ఎనభై ఐదులో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. చిట్యాలకు అవతల కొత్తగా వెలిసిన ఒక మండలానికి రాజలింగం బదిలీ అయ్యాడు. సొంత ఊరు అందులోనే ఉంది. భార్య మనోరమను, పిల్లలను తీసుకుని వచ్చి, అన్న ఇంటి పక్కనే రెండు గదులు వేసుకున్నాడు. ఏడాది తిరగకుండానే సర్కారుకు ఒక ముచ్చట పుట్టింది. రేషన్ కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలట. మచ్చుకు కొన్ని మండలాలను ఎంచారు, వాటిలో ఈ మండలం ఒకటి. చక్కగా డబ్బాలు కొట్టే మనిషి ఎవరని అడిగితే, పట్నానికి పంపించింది రాజలింగాన్నే.

పట్నంలో పెద్ద హాలు, చల్లటి గాలి, యాభై మంది టైపిస్టులు. కోస్తా నుంచి వచ్చిన ఒక ఇంజినీరమ్మ బల్ల ముందు నిలబడి విషయం విప్పి చెప్పింది. ఒక్కో సంగతికి ఒక్కో డబ్బా కొట్టాలి. మనిషికి ఒకటి, ఇంటికి ఒకటి, కార్డుకు ఒకటి. డబ్బాలో ఒక్కో వరసలో ఒక్కో వివరం. డబ్బాకూ డబ్బాకూ సంబంధం ఉంటే మధ్యన గీత. ఒకరికి ఒకరే అయితే గీత చివర మామూలుగా వదిలేయాలి, ఒకరికి అనేకులైతే చివర కాకి కాలులా మూడు వేళ్లు పెట్టాలి. మనిషిని మనిషి నుంచి వేరు చేసే వివరం మీద చుక్క గుర్తు వేయాలి. అలా కొట్టిన కాగితాన్ని ఉన్నదున్నట్టు యంత్రానికి ఇస్తే, అది గీతలు చదువుకుని తన ప్రోగ్రాము తానే రాసుకుంటుంది. మధ్యలో మనిషి చెయ్యి పెట్టే పని లేదు.

"అంటే మీరు గీసిందే యంత్రానికి లోకం" అందావిడ. "మీరు గీయనిది లోకంలో లేనట్టే."

రాజలింగం ఉత్సాహం పట్టలేక లేచాడు. "మేడం, గీ కాకి కాలు ఎటు మొకాన పెట్టాలె?"

హాలంతా గొల్లుమంది. వెనక బెంచీ నుంచి ఒకాయన "గీ కాకి కాలు!" అని సినిమాల్లో జోకరు మాట్లాడినట్టు సాగదీసి అన్నాడు. ఇంజినీరమ్మ కూడా నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. రాజలింగం చెవులు మండిపోయాయి. కానీ మధ్యాహ్నానికి మర్యాద తిరిగి సంపాదించాడు. మగమనిషి డబ్బాకూ భార్య డబ్బాకూ మధ్య అందరూ మామూలు గీత గీస్తే, ఆయన ఒక్కడు కాకి కాలు పెట్టాడు. ఇదేమిటని ఆవిడ అడిగితే, "పెద్దమనుషులు గూడ ఉంటరు గద మేడం" అన్నాడు. ఈసారి కూడా నవ్వారు, కానీ ఆయనతో కలిసి నవ్వారు. ఆవిడ ఆయన కాగితాన్ని అందరికీ ఎత్తి చూపించి, మచ్చు పటంగా దీన్నే తీసుకుంటున్నానని చెప్పింది.

అప్పుడు అడిగింది ఒక ప్రశ్న. "ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు. ఈ నాలుగూ కలిపి చుక్క వేశారు. ఒకే తండ్రికి ఒకే పేరుతో ఇద్దరు కొడుకులుండరు కదండీ?"

జవాబు ఆయన నోటి చివరనే ఉంది. ఆ జవాబు ఆయనే. చెప్పాలంటే, మేడం నేను చిన్న రాజలింగాన్ని, మా అన్న పెద్ద రాజలింగం అని యాభై మంది ముందు చెప్పాలి. వెనక బెంచీ ఆయన అప్పుడే ముందుకు వంగి వింటున్నాడు.

"ఉండరు మేడం" అన్నాడు రాజలింగం. ఒక మగవాడికి ఇద్దరు పెళ్లాలుంటారని గుర్తుపెట్టుకున్న మనిషి, ఒక తల్లికి ఇద్దరు రాజలింగాలుంటారని తెలియనట్టు కూర్చున్నాడు.

యంత్రం మాత్రం ఏ పాపం ఎరగదు. చెప్పింది చెప్పినట్టు చేసింది. నాలుగు నెలల తర్వాత కార్డులు ట్రంకు పెట్టెల్లో మండలానికి దిగాయి. పెద్ద పోశాలు, నడిపి పోశాలు, చిన్న పోశాలు ముగ్గురూ కలిసి ఒక్క పోశాలు అయ్యారు. మూడు కార్డులకు బదులు ఒకటే కార్డు, అందులో పదిహేడు మంది. బియ్యం మాత్రం ఒక్క కార్డుకు ఎంతో అంతే. ఊరూరా ఇదే వరస. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆఫీసు ముందు కూర్చున్నారు.

మండలాధికారి జాబితా తిరగేస్తూ ఒకచోట ఆగాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. "గాదె రాజలింగం, తండ్రి కొమురయ్య. వృత్తి, టైపిస్టు. భార్యలు ఈశ్వరమ్మ, మనోరమ. సంతానం ఆరుగురు. ఏమయ్యా, ఇది నువ్వేనా?"

"సార్, ఈశ్వరమ్మ మా వదిన సార్!"

"యంత్రం అబద్ధమాడుతుందా? ప్రభుత్వోద్యోగికి ఇద్దరు భార్యలు నిబంధనలకు విరుద్ధం. మెమో ఇవ్వాలి. కూర్చుని కొట్టు."

ఆఫీసులో ఉన్నది ఒక్క టైపిస్టే. కాబట్టి ఇద్దరు భార్యలను కలిగియున్నందుకు ఏడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెనని రాజలింగానికి రాజలింగమే మెమో కొట్టాడు. మార్జిన్లు చక్కగా కుదిరాయి. అందినట్టు కింద సంతకం చేశాడు, ఒక ప్రతి ఫైల్లో పెట్టాడు. ఇంటికి పోతే మనోరమ ఆ కాగితం చదివి, "అక్కను ఎప్పుడు చేసుకున్నవ్? నాకు తెల్వకుంట పెండ్లి భోజనాలు గూడ అయిపోయినయా?" అంది. ఈశ్వరమ్మ మాత్రం నవ్వలేదు. సర్కారు జీతం వచ్చే ఇల్లని యంత్రం వాళ్ల రెండు రూపాయల బియ్యం కార్డు కొట్టేసింది. ఆ నెల రేషన్ దుకాణం నుంచి ఖాళీ సంచితో తిరిగి వచ్చింది. ఇంట్లో నలుగురు పిల్లలు, అత్త ఐలమ్మ, రెండెకరాల మెట్ట చెలక. ఆ ఏడు వాన కూడా పడలేదు.

రాజలింగానికి మందు తెలుసు. మనిషి డబ్బాలో ఇంకొక్క వరస చేర్చి, పెద్ద, నడిపి, చిన్న అని రాసి, దానికీ చుక్క వేస్తే చాలు, యంత్రం ప్రోగ్రాము మళ్లీ తానే రాసుకుంటుంది. కానీ ఎందుకు చేర్చాలని పై నుంచి అడుగుతారు. ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. మచ్చు పటం గీసిన మనిషి అబద్ధమాడాడని తేలుతుంది. అందుకని ఆ మందు సంగతి ఆఫీసులో దాచిపెట్టాడు.

మండలాధికారికి ఈలోగా తన సొంత ఉపాయం తట్టింది. పటం మార్చమంటే పై అధికారులకు ఉత్తరాలు రాయాలి. దానికన్నా జనాన్ని మార్చడం సులువు. ఒకే పేరున్న అన్నదమ్ముల్లో ఒకరు తప్ప మిగిలినవాళ్లంతా వారం లోపల కొత్త పేర్లు పెట్టుకోవాలని ఉత్తర్వు వేశాడు. పేర్లు రాసుకురావడానికి రాజలింగాన్ని, తోడుగా అటెండరు కైలాసాన్ని ఊళ్ల మీదికి పంపాడు.

జనం పెద్దగా గొడవ చేయలేదు. సర్కారు ఇంతకు ముందు అడిగినవాటితో పోలిస్తే పేరు చిన్నదే. నడిపి పోశాలు గడ్డం గోక్కుంటూ, "నువ్వే ఏదో ఒకటి రాస్కో అన్నా. రేషన్ దుకాణంల గా పేరు జెప్త, ఇంటికొచ్చినంక పోశాలునే ఉంట" అన్నాడు. కైలాసం తనకు తెలిసిన పేర్లన్నీ పంచేశాడు, చివరికి చిన్న పోశాలుకు తన బామ్మర్ది పేరు ఇచ్చాడు. వారం రోజుల్లో అన్ని ఊళ్లూ అయ్యాయి. మిగిలింది రాజలింగం ఇల్లు.

అన్న చెలక నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని తమ్ముడి పక్కన కూర్చున్నాడు. "నీకు సర్టిఫికెట్లున్నయి తమ్మి, నీ పేరు మారుస్తే పరేషానైతది. నాదే మార్చు. నన్ను ఏమని పిలిచినా ఎడ్లు పలుకుతయి."

రాజలింగం కలం మూత తీశాడు. ఆ మాట కోసమే ఎదురుచూశాడు కాబట్టి, దాన్ని విన్నాక సిగ్గుగానూ అనిపించింది. గడపలో కూర్చున్న తల్లి ఐలమ్మ అప్పుడు అందుకుంది.

"చిన్నోడా, మీ కంటె ముందు ముగ్గురు పోయిండ్రు, ఎరికేనా? ముగ్గురికి మూడు తీర్ల పేర్లు పెట్టిన, ఒక్కడు దక్కలే. రాజన్న దేవునికి మొక్కినంక గీడు బతికిండు. మల్ల నువ్వు పుడితే భయమై నీకు గూడ దేవుని పేరే పెట్టిన. ఒక్క పేరు మీద మిమ్ముల ఇద్దర్ని బతికిచ్చుకున్న. గిప్పుడు చెప్పు, మీ మిషిన్‌కు నేను ఎవ్వన్ని వాపస్ ఇయ్యాలె?"

రాజలింగం కలం మూత పెట్టేశాడు. మర్నాడు సెలవు చీటీ రాసి కైలాసం చేతికిచ్చి, పట్నం బస్సెక్కాడు.

హాల్లో ఈసారి వేరే జిల్లాల టైపిస్టులున్నారు, వాళ్లూ యాభై మందే. గోడకు రాజలింగం కొట్టిన మచ్చు పటమే అంటించి ఉంది. ఇంజినీరమ్మ ఆయన్ని గుర్తుపట్టి, వీళ్లందరికీ రెండు మాటలు చెప్పమంది. ఆయన పటం దగ్గరికి నడిచాడు.

"గిది తప్పు మేడం" అన్నాడు. "ఒక్క తండ్రికి ఒక్క పేరుతోని ఇద్దరు కొడుకులు ఉంటరు. ముగ్గురు గూడ ఉంటరు. నేను చిన్న రాజలింగాన్ని. మా అన్న పెద్ద రాజలింగం. మీ మిషిన్ల మేము ఇద్దరం ఒక్కడే అయినం, మా అన్న పిల్లలకు బియ్యం బందైనయి."

ఎక్కడో ఒకరు కిసుక్కున నవ్వారు. రాజలింగం ఆగలేదు. వచ్చేటప్పుడు బస్సులో మోకాళ్ల మీద పెట్టుకుని గీసిన కొత్త కాగితం బల్ల మీద పరిచాడు. ఆవిడ ఆ కొత్త వరస చూసింది, చుక్క చూసింది.

"ఇంతేనా? ఒక్క వరసేగా! యంత్రానికి ఒక పూట పని. వచ్చే నెలకు మీ అన్నగారి కార్డు విడిగా వచ్చేస్తుంది." ఆవిడ తల ఎత్తింది. "మరి ఆ రోజు నేను అడిగాను కదండీ, అప్పుడే చెప్పొచ్చుగా?"

"ఆ దినం మీరందరు నవ్వుతుండిరి మేడం."

ఆవిడ గోడ మీది పాత పటం తీసేసింది. కుర్చీ ఒకటి ఆయన వైపు జరిపి, పెన్సిలు తీసుకుని కూర్చుంది. "మీ ఊళ్లో ఇంకా మేం అడగనివి ఏమున్నాయండీ?" అని అడిగింది. రాజలింగం కూర్చుని, తన భాషలోనే ఒక్కొక్కటి చెప్పడం మొదలుపెట్టాడు.