స్లిమ్ కాదు, చిక్కిపోయాడు

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా రెండు నెలలు వేట ఆపేస్తారు. అది ముగిసి పడవలు మళ్లీ సముద్రంలోకి దిగే ముందురోజు మా రేవులో ఒక సరదా ఉంటుంది. మగవాళ్లంతా చేపలు తూచే కాటా ఎక్కి బరువు చూసుకుంటారు. ఇంటిపట్టున తిని, నిద్రపోయి, అందరూ ఒళ్లు చేసి ఉంటారు. ఎక్కువ పెరిగినవాడు మిగతావాళ్లకు టీ తాగించాలి. ఆ రోజు మా ఆయన ఎక్కితే, వేట ఆపిన రోజు చూసినదానికన్నా బాగా తగ్గింది.

రేవంతా కాటా మీద పడింది. చేపలు కొనే వ్యాపారి కాటా ఎప్పుడూ తక్కువే చూపిస్తుందని మావాళ్ల గట్టి నమ్మకం.

"చేపలు చాలవని మనుషుల్ని కూడా తక్కువ తూస్తా ఉండావేందయ్యా!" అని అరిచింది మా అత్త.

"అమ్మతోడు అత్తా, కాటా కరెక్టే. అన్నే తగ్గినాడు," అన్నాడు వ్యాపారి.

ఎవరూ నమ్మలేదు. అందరం నవ్వాం. అదే కాటా మీద మిగతావాళ్లంతా పెరిగారన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

కృష్ణపట్నం పోర్టులో పనిచేసే మా మరిది ఆదివారం వచ్చి, "స్లిమ్ అయినావన్నా! జిమ్ముకేమన్నా పోతా ఉండావా?" అన్నాడు. మా ఆయనకు ఆ మాట భలే నచ్చింది. రెండు రోజులు చొక్కా టక్ చేసుకుని తిరిగాడు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయిందని పళ్లెం ముందు నుంచి లేచిపోవడం కూడా ఆ స్లిమ్‌లోనే కలిసిపోయింది.

నేను ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. నా ఇంగ్లీషు ఎంత గొప్పదంటే, స్కూలు గేటు దాటితే అది నన్ను గుర్తుపట్టదు. అయినా ఒక పాఠం మాత్రం బాగా చెబుతానని పేరు. స్లిమ్ అంటే మెచ్చుకోలు, థిన్ అంటే ఉన్నమాట, స్కిన్నీ అంటే ఎగతాళి, లీన్ అంటే కొవ్వు లేని గట్టి ఒళ్లు. అన్నిటికీ మనం సన్నం అనే అంటాం కానీ, దేని బరువు దానిదే అని పిల్లలకు చెప్పేదాన్ని.

ఒకరోజు వల లాగుతూ మా ఆయన పడవలోనే కూలబడ్డాడు. తోటివాళ్లు ఒడ్డుకు తెచ్చారు. మలం నల్లగా వస్తోందని అప్పుడు చెప్పాడు. నెల్లూరు తీసుకెళితే ఎండోస్కోపీ చేశారు.

"వెయిట్ లాస్ ఎప్పటి నుంచి?" అని అడిగాడు డాక్టరు.

"కాటా తప్పనుకున్నాం సార్," అన్నాను. ఆయన నవ్వలేదు. "బయాప్సీ రానివ్వండి," అన్నాడు.

కడుపులో కేన్సర్. సీటీ తీస్తే లివర్‌కు కూడా పాకిందని తేలింది. "ఆపరేషన్ స్టేజ్ దాటిందమ్మా. కీమోతో కంట్రోల్ చేద్దాం," అన్నారు. మొదటి కీమోల తర్వాత కాస్త తేరుకుని చేపల పులుసు అడిగి తిన్నాడు. ఇంటిల్లిపాదికీ పండగ. ఆ తర్వాత ఏది తిన్నా వాంతే. ముక్కులోంచి ట్యూబ్ వేశారు. "వెయిట్ పికప్ అయితేనే నెక్స్ట్ కీమో సైకిల్," అన్నారు. పికప్ కాలేదు.

రౌండ్స్‌లో పెద్ద డాక్టరు జూనియర్లతో ఇంగ్లీషులో మాట్లాడేవారు. వాళ్లు వెళ్లగానే మా ఆయన నన్ను అడిగేవాడు. మొదటిసారి డాక్టరు థిన్ అన్నారు, ఉన్నదున్నట్టు చెప్పాను. రెండోసారి ఎమేసియేటెడ్ అన్నారు, అంటే ఎముకలు తేలేలా చిక్కిపోవడం.

"ఏం చెప్పినాడుమే?"

"లీన్ అన్నారు మావా. కొవ్వు లేకుండా గట్టిగా ఉండే మనిషని."

"ఆఁ, అట్టా చెప్పు!" అని పక్క బెడ్డాయన వైపు కాస్త గర్వంగా చూశాడు.

మూడోసారి కెకెక్సియా అన్నారు. జబ్బే మనిషి కండను తినేయడం. దానికి దగ్గరగా ఉండే చల్లని మాట కోసం వెతుక్కుంటూ నిలబడిపోయాను.

"పంతులమ్మా," అన్నాడు మా ఆయన, "నువ్వింతసేపు ఆలోచిస్తా ఉండావంటే మంచి మాట కాదులే. చెప్పబాక. పోయినసారి చెప్పిందే మళ్లీ చెప్పు."

"లీన్ అన్నారు మావా," అన్నాను.

"అదీ," అని కళ్లు మూసుకున్నాడు. ఆ వారం దాటలేదు.

ఇప్పుడు మళ్లీ స్కూలుకు వెళుతున్నాను. ఆ పాఠం మాత్రం పక్క సెక్షన్ టీచరు చెబుతోంది. మొన్న స్టాఫ్ రూమ్‌లో ఒకరు, "స్లిమ్ అయ్యారు మేడమ్, సీక్రెట్ ఏంటి?" అన్నారు. ఆ సాయంత్రమే వెళ్లి టెస్టులన్నీ చేయించుకున్నాను. అన్నీ నార్మల్. "వేళకు తినండమ్మా," అన్నాడు డాక్టరు.

ఇంటికొస్తే మా అత్త గుమ్మంలోనే నా మణికట్టు పట్టుకుంది. "చిక్కిపోయినావే. ఏమైందే నీకు?" అంది. కొడుకును పోగొట్టుకున్న మనిషి, ఏమైందో నాకన్నా బాగా తెలిసిన మనిషి, అయినా అడిగింది. ఇద్దరం అక్కడే కూర్చుని ఏడ్చాం.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరైనా తమ ప్రయత్నం లేకుండా సన్నబడుతుంటే మెచ్చుకుని వదిలేయకండి. చిక్కిపోయావే, ఏమైంది అని అడగండి. ఏం లేదంటే ఊరుకోకుండా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఆయన్నీ అడగండి.