తుపాకీ లేకుండా కణుజుల లోయకు

వెంకటన్న కుడి మోకాలికి ఆపరేషన్ కాకపోయి ఉంటే నేనీ ప్రయాణం చేసేవాణ్ణి కాదు. ఆయనది కరీంనగర్ వైపు. సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో మా వీధి చివర ఇల్లు, గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. నాకు వేట నేర్పింది ఆయనే. నాలుగేళ్లుగా ఏటా చలి మొదలయ్యే వేళకి ఇద్దరం ఆయన కారులో విక్టోరియా కొండలకు కణుజుల వేటకు పోయేవాళ్లం. కణుజు, అదే సాంబర్ జింక, మన అడవుల జంతువే. ఎప్పుడో ఓడల్లో తెచ్చి ఇక్కడ వదిలారట. మనవాళ్లలాగే ఇక్కడి చలికి అలవాటు పడి సంతానం పెంచుకుంది. లైసెన్సు ఉన్నవాళ్లు వేటాడవచ్చు. కొట్టిన జంతువు మాంసం మాత్రం వదలకుండా ఇంటికి తేవాలన్నది వెంకటన్న నియమం.

ఈసారి కాలు చాపుకొని సోఫాలో కూర్చుని అన్నాడు: "ఇగ నాతోని కాదు తమ్మీ. నువ్వొక్కనివే పో. గని ముందుగాల తుపాకి లేకుంట పొయ్యి రా."

"తుపాకీ లేకుండా ఏం చేయను అన్నా, దణ్ణం పెట్టుకుని రానా?"

"రెండు పనులు చెయ్యాలె. కణుజుకు యాభై అడుగుల దూరం దాక పోవాలె, అది నిన్ను పసిగట్టద్దు. తర్వాత వాగు కాడికెల్లి ఇరవై కిలోలు రోడ్డు మీదికి మోస్కరావాలె. రెండూ అయితె ఆ లోయ నీది. మాంసం అడవిల పారేసొచ్చేటోనికి నా జాగ ఇయ్య."

"పదిహేను కిలోలకి ఒప్పుకో."

"కణుజు బేరం ఆడదుర."

నేను చిలకలూరిపేట బజారులో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. చెప్పిన ధరకి ఏదైనా కొంటే ఆ రాత్రి అన్నం సహించని వంశం మాది. వీపుసంచి కొనేటప్పుడు కుట్టు వంకర చూపించి పది శాతం తగ్గించుకున్నాను. గాలి ఎటు వీస్తుందో చూసుకునే పొడి సీసా ఒకటి అదే షాపులో అమ్ముతున్నారు. దాన్ని కొనకుండా ఇంట్లో ఖాళీ చుక్కలమందు సీసాలో బియ్యప్పిండి పోసుకున్నాను. ఇంతటి తెలివి ఉన్నవాడికి ఒక లోయ దక్కకపోతుందా అనుకున్నాను.

శుక్రవారం తెల్లవారకముందే బ్లాక్‌టౌన్‌లో లోకల్ రైలెక్కి సెంట్రల్‌లో దిగాను. ఏడున్నర దాటాక మెల్‌బోర్న్ రైలు. సంచి పైన పెట్టబోతే అందలేదు. పక్క సీటు పెద్దమనిషి, జూనీ దగ్గర గొర్రెల ఫారం ఉన్నాయన, లేచి సాయం పట్టాడు.

"ఏం మేట్, ఇందులో అత్తగారిని గానీ దాచావా?"

"లేదండీ, ఆవిడయితే ఈపాటికి మాట్లాడేవారు."

ఆయన నవ్వాడు. ఒంటరిగా కొండల్లోకి వెళ్తున్నానని చెప్పగానే మాత్రం నవ్వు ఆపి, బీకన్ ఉందా అని అడిగాడు. ఉంది. ఆపదలో మీట నొక్కితే ఉపగ్రహానికి కబురు పంపే ఆ చిన్న డబ్బాని మాత్రం నేను బేరమాడకుండా కొన్నాను. నా తర్వాత ఈ దారిన వెళ్లేవాళ్లు అది లేకుండా బయల్దేరవద్దు. లోయలో ఫోను పనిచేయదు.

నాలుగింటికి వాంగరాటా. అక్కడినుంచి బస్సులో బ్రైట్ ఊరు చేరేసరికి వీధిదీపాలు వెలిగాయి. చెట్లన్నీ పసుపు, ఎరుపు. కారవాన్ పార్కులో చెక్కగది తీసుకున్నాను. శుక్ర, ఆదివారాల రెండు రాత్రులకు అద్దె తగ్గించమని అడిగితే కౌంటరు అమ్మాయి, "శనివారం రాత్రి మీరు గదిలో ఉండనంటున్నారు కదా, ఆ రాత్రికి డబ్బే తీసుకోను. ఇంకేం తగ్గించను?" అంది. తాళంచెవి అందుకున్నాను.

బ్రైట్ నుంచి పైకి ఈ కాలంలో నాకు అనువైన బస్సు లేదు. పార్కులోనే ఉండే మార్గరెట్ అనే పెద్దావిడ కొండ మీద చెల్లెలి ఇంటికి ఒక రాత్రి కోసం వెళ్తోందని కౌంటరు అమ్మాయే చెప్పింది. శనివారం ఉదయం ఎనిమిదింటికి ఆవిడ కారెక్కాను. పెట్రోలుకని డబ్బులివ్వబోతే చేతిమీద చిన్నగా కొట్టింది. జంతికలు ఇస్తే తీసుకుంది. కొండ మీద నన్ను దింపుతూ అంది:

"రేపు మూడింటికి ఇక్కడే ఉంటాను. మూడుంబావుకి రాకపోతే పోలీసులకి ఫోన్ చేస్తా. సరేనా?"

"మూడున్నర చేయకూడదా?"

"మూడుంబావు."

రోడ్డు పదహారు వందల మీటర్ల ఎత్తున శిఖరం అంచున పోతుంది. పక్కన రేకుల షెడ్డు, దాని వెనక వాన నీళ్ల ట్యాంకు. కారు వెళ్లిపోయాక అంత నిశ్శబ్దంలో నేను ఒక్కణ్ణే ఎప్పుడూ నిలబడలేదు. నాలుగేళ్లూ ఇక్కడ దిగగానే వెంకటన్న ఫ్లాస్కు తీసి చాయ్ పోసేవాడు, గుట్టల పేర్లన్నీ తను పెట్టుకున్నవే చెప్పేవాడు: అది ముసలమ్మ, ఇది గొర్రెతల. వాటికి నిజం పేర్లేమిటో నాకిప్పటికీ తెలియదు.

తొమ్మిదిన్నరకి దిగడం మొదలుపెట్టాను. పైన మెలికలు తిరిగిన స్నో గమ్ చెట్లు, కిందికి పోయేకొద్దీ నిటారు మానులు, నడుము లోతు ఫెర్న్ పొదలు. రెండున్నర గంటల దిగుడు. వాగుకి కాస్త పైన ఒక చదును ఉంది, మేమెప్పుడూ అక్కడే గుడారం వేసేవాళ్లం. పన్నెండున్నరకి గుడారం వేసి, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర తిన్నాను. ఇంగువ దండిగా వేసింది. కొండగాలికి ఆ వాసన ఎంత బాగుందో చెప్పలేను. చేయి కడగడానికి నీళ్లు ఎందుకు వృథా అని ప్యాంటుకే తుడుచుకున్నాను.

మూడింటికి వాగు వెంట మెల్లగా నడిచాను. బురదలో తాజా గిట్టల గుర్తులు. ఇంకో వంద అడుగులు వేశానో లేదో, ఎదురు గట్టు మీద లారీ హారన్ మోగినట్టు "ఢాంక్!" అని వినపడింది. కణుజు అరుపు. ఇంకోసారి. పొదలు విరిగిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. నేను దాన్ని చూడనైనా లేదు.

ఒక దుంగ మీద కూర్చుని బియ్యప్పిండి సీసా నొక్కాను. పిండి చిన్న పొగలా లేచి, నా మీదుగా, నేరుగా ఎదురు గట్టుకి పోయింది. నా ప్యాంటు మీది ఇంగువ అంతకుముందే అక్కడికి చేరి ఉంటుంది.

ఆ పిండి పోయే తీరు చూస్తుంటే మా నాన్న గుర్తొచ్చాడు. పొద్దున కొట్టు తీయగానే ఆయన అగరొత్తి వెలిగించి, దేవుడి పటం కంటే ముందు పొగ వైపు చూసేవాడు. పొగ ఎటు పోతే మిరపకాయల బస్తా అటు చివరకి జరిపేవాడు. గాలి మారితే మధ్యాహ్నం మళ్లీ జరిపేవాడు. లేకపోతే ఘాటు కొట్టులోకి వచ్చి, జనం తుమ్ముకుంటూ ఎదురు కొట్టుకి పోతారు. ఇరవయ్యేళ్లు ఆ బస్తాకి రెండో కొస పట్టుకుని విసుక్కున్నవాణ్ణి నేనే. వెంకటన్న గాలి గురించి ఎన్నిసార్లు చెప్పినా బుర్ర ఊపానే తప్ప, ఇది అదేనని తట్టలేదు. ఇక్కడ మిరపకాయల బస్తా నేనే.

వాగులో ప్యాంటు ఉతికాను, చేతులు ఇసకతో తోముకున్నాను. పులిహోర డబ్బాని రెండు సంచుల్లో చుట్టి బిగించాను. ప్యాంటు ఆరలేదు. చలికి వణుకుతూ పెందలాడే నిద్రపోయాను.

ఆదివారం ఆరింటికి లేచి పిండి వదిలాను. పొద్దున చల్లగాలి కొండ మీంచి వాగులోకి దిగుతోంది. అంటే నేను కింద ఉండాలి, కణుజు పైన ఉండాలి. తడి ప్యాంటుతో వాగులోంచే నడిచాను, నాలుగడుగులకోసారి ఆగి, పిండి చూసుకుని. ఏడున్నర దాటాక ఫెర్న్‌ల మధ్య ఒక చెవి కదిలింది. తర్వాత మొత్తం ఆడ కణుజు, పక్కన పిల్ల. తల్లి మెడ మీది బొచ్చు తడిసి నల్లగా ఉంది. నేను మోకాళ్ల మీద పాకాను. ఒక అడుగుకి పది నిమిషాలు పట్టినట్టుంది. చివరికి నాకూ దానికీ మధ్య మా కొట్టు పొడవు కంటే కాస్త ఎక్కువ ఉంది, అంతే. కొట్టు నలభై అడుగులు. అది నములుతున్న చప్పుడు వినిపించింది. పిల్ల నా వైపే చూసి, నన్ను దుంగ అనుకుని, మళ్లీ తల్లి పొట్ట కింద దూరింది. ఎంతసేపయిందో తెలియదు. ఎండ పడగానే గాలి తిరుగుతుందని నేనే వెనక్కి పాకి వచ్చేశాను. దాన్ని బెదరగొట్టకుండా రావడం నాకు గెలుపు అనిపించింది.

గుడారం సర్దుకుని పదింటికి రెండు నీళ్ల సంచులు నింపాను, పదేసి లీటర్లు. మాంసానికి బదులు నీళ్లన్నది వెంకటన్న ఉపాయం. గుడారం సామాను కాక ఇరవై కిలోలు. భుజాన వేసుకుని మొదటి వంద మెట్లంత ఎత్తు బాగానే ఎక్కాను. తర్వాత గుండె చెవుల్లో కొట్టుకోవడం మొదలైంది. పదకొండున్నరకి బేరం మొదలుపెట్టాను. ఎదుటివాడు లేడు కనుక రెండు వైపులా నేనే మాట్లాడాను. రెండు లీటర్లు పారబోస్తే ఏమవుతుంది? పారబోశాను. ఒంటిగంటకి ఇంకో మూడు. స్నో గమ్‌లు కనపడేచోట ఇంకో మూడు. రెండూనలభైకి రోడ్డెక్కి బోర్లా పడ్డాను.

కొక్కెం త్రాసు తీసి సంచులు తగిలించాను. పన్నెండు.

రుజువుకి త్రాసు ఫోటో తెమ్మని వెంకటన్న ముందే చెప్పాడు. షెడ్డు వెనక ట్యాంకుంది. మార్గరెట్ రావడానికి ఇరవై నిమిషాలుంది. నేను సంచులు నింపాను, తూచాను, ఇరవై చూపించాను, ఫోటో తీశాను. వెంటనే నీళ్లు పారబోశాను. సరిగ్గా మూడింటికి కారు వచ్చింది.

"బాగా జరిగిందా?" అంది మార్గరెట్.

"సగం," అన్నాను.

సోమవారం పొద్దున బస్సు, పదకొండింటికి వాంగరాటాలో సిడ్నీ రైలు. జూనీ దాటాక ఫోనుకి సిగ్నల్ నిలబడ్డప్పుడు వెంకటన్నే ఫోన్ చేశాడు. కణుజు సంగతి అంతా చెప్పాను. 

"అన్నా, ఉన్నావా?"

"ఉన్న. మంచిగ జేసినవ్. మరి త్రాసు ఫోటో?"

ఫోటో తెరిచి చూశాను. త్రాసు ముల్లు ఇరవై మీద నిలబడి ఉంది. పంపితే అయిపోతుంది. పంపితే ఒక రోజు ఆ లోయలో నా తూటాకి పడిన జంతువు సగం అక్కడే కుళ్లుతుంది, అది తెలిసేది నాకొక్కడికే.

"ఫోటో ఉంది, అది అబద్ధం. రోడ్డెక్కింది పన్నెండే."

"పన్నెండా?"

"పన్నెండు."

"అయితె ఈ ఏడు లోయ లేదు."

"అన్నా..."

"లేదు. రోడ్డు కాడికెల్లి అర్ధగంట దూరం. అండ్లనే తిరుగు."

"ముప్పావుగంట చెయ్యి."

"అర్ధగంట. ఎక్కువ మాట్లాడితె అది కూడ లేదు. దొరకకపోతె ఉత్త చేతులతోని రా. వచ్చే ఏడు దాక మెట్లెక్కు."

సరే అన్నాను. ఫోటో తీసేశాను. ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే: ఎంత లోతుకి దిగవచ్చో మీ కాళ్లు కాదు, తిరిగి ఎక్కేటప్పుడు మీ భుజాలు చెబుతాయి. అది ముందే వెళ్లి అడిగి రండి.

ఇక ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. కిటికీ బయట ఎండిన గడ్డి మైదానాలు, గొర్రెలు.

"తమ్మీ," అన్నాడు. "గా కణుజు... మల్లొక్కసారి చెప్పు."

"ఎక్కణ్ణుంచి?"

"కారు దిగిన కాడికెల్లి చెప్పు. ముసలమ్మ గుట్ట మీద మబ్బుండెనా?"

ఉందన్నాను. అక్కడినుంచి మొదలుపెట్టాను. ప్రతి మలుపు దగ్గరా ఆయన ఆపి, ఎడమ పక్క ఏముందో అడిగాడు. తల్లి చెవి కదిలిన చోటికి వచ్చేసరికి గౌల్‌బర్న్ స్టేషనొచ్చింది. ఆయన ఊపిరి ఫోనులో వినపడుతోంది. నేను మెల్లగా, గాలికి కింద ఉన్నవాడిలా చెప్పుకుంటూ పోయాను.