వడియాల ప్యాకెట్టు మీద చిరునామా

మా వదిన వడియాలను ఇంటర్నెట్టులో దేశం నలుమూలలకీ అమ్మించిన ఘనత నాది. వేలాది ప్యాకెట్లు. సరే, వందలాది. నిజం చెప్పేస్తాను, ముప్ఫై ఒకటి. అందులో తొమ్మిది మా చుట్టాలే కొన్నారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. ఇంజనీరుగా చేసిన అన్నయ్య పోయాక, వదిన జంషెడ్‌పూర్ భాలుబాసా పేటలో తమ ఇంటి డాబా మీద బూడిదగుమ్మడి వడియాలు పెట్టి తెలిసినవాళ్ళకు అమ్ముతుండేది. కంప్యూటర్ చదువుతున్న ఆమె కూతురు, సాక్చీ బజారులో గంటల లెక్కన కూర్చోనిచ్చే ఇంటర్నెట్ దుకాణానికి వెళ్ళి, వడియాల కోసం ఒక పేజీ తయారుచేసింది. అందులో రాత పని నాది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కార్ఖానాలో తనిఖీ రిపోర్టులు రాసినవాణ్ణి; ఉన్నది ఉన్నట్టు రాసి రాసి విసిగిపోయి ఉన్నాను. “గోదావరి గట్టున, నది గాలికి ఆరిన మూడు తరాల వడియాలు” అని మొదలుపెట్టాను. నది గాలికి వడియాలు ఆరవు, మెత్తబడతాయి. ఆ మాట అప్పుడు తోచలేదు.

అమ్మాయి చదివి, “బాబాయ్, యే తో ఝూఠ్ హై” అంది. అబద్ధం కాదమ్మా, వ్యాపారం అన్నాను. వదిన చూపించమంటే తర్వాత అన్నాను. ప్యాకెట్ల మీద కూడా “గోదావరి వడియాలు” అని మాత్రమే అచ్చు వేయించాను. ఎవరు చేశారో, ఎక్కడ చేశారో, బరువెంతో, ఏమీ లేదు.

రాజమండ్రి నుంచి ఒక రిటైరైన పంతులమ్మగారు రెండు ప్యాకెట్లు తెప్పించుకున్నారు. ఒకటి బూజు వాసన కొట్టింది. ఇంకొకరైతే తిట్టుకుని పారేసేవారు. ఆవిడ పంతులమ్మ కదా, సరుకు బాగాలేకపోతే కొట్టు మెట్ల మీదే నిలబడి అడగాలి. ప్యాకెట్టును సంచిలో వేసుకుని రెండు సాయంత్రాలు గోదావరి గట్టంతా తిరిగి మా కొట్టు కోసం వాకబు చేశారట. అది దొరక్క, చివరికి పార్సిలు గుడ్డ మీది పోస్టాఫీసు ముద్రను భూతద్దం పెట్టి చదివారు. జంషెడ్‌పూర్.

ఈమెయిలు వచ్చింది. మీ ఊళ్ళో గోదావరి ఎప్పటి నుంచి పారుతోందన్నది మొదటి ప్రశ్న. తయారుచేసినవారి పేరు, చిరునామా, బరువు, కట్టిన నెల ప్యాకెట్టు మీద ఉండి తీరాలని చట్టం ఉందట. లేని గొప్పలు చెప్పి అమ్మడం వినియోగదారుల ఫోరంలో నిలబెట్టదగిన తప్పట. పాడైన సరుకు వెనక్కి తీసుకోవాలట. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఫోరానికి వెళ్తారట. ప్రతి తప్పుకీ పక్కన ఒక అంకె వేశారు, పరీక్ష పేపరులా.

అమ్మాయి దాన్ని అచ్చు తీసి తల్లికి చదివి వినిపించింది. వదిన గుమ్మడికాయ తురుముతోంది.

“గోదారి నానెప్పుడు సూసేను మరిదీ? మాది శ్రీకాకుళం. నాగావళి అని రాసినా కొంత నయ్యం.”

నవ్వి తప్పించుకోబోయాను. ఆమె నవ్వలేదు.

“వడియం బాగోనేదంటే ఒప్పుకుంటాను. దొంగ సరుకంటే ఏటి సెప్పను? నా పేరెందుకు ఎట్టనేదు?”

గోదావరి అంటే జనం ఎగబడి కొంటారని అన్నాను. అది సగమే. ఇంజనీరు భార్య వడియాలు అమ్ముకుంటోందని అగ్రికోలో, కంపెనీ క్వార్టర్లలోని మా పాత ఆఫీసువాళ్ళు చెప్పుకుంటారని నా భయం. కష్టం ఆమెది, పరువు మాత్రం నాదనుకున్నాను. చివరికి ఆ మాటా బయటపెట్టాను.

“అమ్ముతన్నానని ఊరందరికీ తెలుసు. నీకొక్కడికే సిగ్గు,” అంది, తురుము ఆపకుండా.

జవాబు ఆమె చెప్పింది, నేను రాశాను, ఒక్క గొప్ప మాట లేకుండా. లేదు, ఒకటి దూర్చాను, అమ్మాయి కొట్టేసింది. పాడైనదాని డబ్బు తిరిగి పంపి, పేజీలోంచి గోదావరిని తీసేశాం. వదిన తన పేరూ ఇంటి నంబరూ ఉన్న రబ్బరు స్టాంపు చేయించుకుంది. బరువు, నెల చేత్తో రాసేది. బాగోకపోతే తిప్పి పంపమని కింద ఒక వరుస. పంతులమ్మగారు ఫోరానికి వెళ్ళలేదు.

ఆ స్టాంపు వేసిన ప్యాకెట్లు నాలుగు వదిన నాచేతే అగ్రికో క్వార్టర్లకు పంపింది. మా పాత ఆఫీసరుగారి భార్య కళ్ళజోడు పెట్టుకుని, గుమ్మంలోనే పేరూ చిరునామా పైకి చదివి, ఈవిడ మీ వదినగారేనా అని అడిగారు.

“మా వదినే” అన్నాను. రొమ్ము విరుచుకుని అన్నానని రాయాలని ఉంది. చెప్పులకేసి చూస్తూ అన్నాను. కానీ అన్నాను.