మా అత్త మూడూ పూర్తి చేసింది

మా మేనత్త పోయిందన్న కబురు నాకు ఆమదాలవలస స్టేషన్లో అందింది. చంకలో కరపత్రాల కట్ట, ఎదురుగా పలాస పాసింజరు. ఫోన్లో నూకాలు గొంతు. నూకాలంటే అత్త పక్కన బుట్ట పెట్టుకుని చేపలు కొనే ఆవిడ. "ఒరే, మీ అత్త పోనాదిరా. బెగ్గి రా" అంది. ఇంకేమీ అనలేదు. రైలెక్కవలసిన వాణ్ని బస్సెక్కి వెనక్కి తిరిగాను.

నేను మా పేట చేరేసరికి ఇంటి ముందు మగాళ్లు బీడీలు కాలుస్తూ ఓ తీర్పు కూడా ఇచ్చేశారు. "సముద్రం పగబట్టినాది. ఆడది అలాంటి పోటీలకి దిగితే ఊరుకుంటాదేటి" అని. పోటీలు జరిగి ఏడాది దాటింది. అత్తను తీసుకుపోయింది ఊపిరితిత్తులకు పాకిన జ్వరం. ముందు వారం ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు, నేను పక్కనే ఉండి విన్నాను. అయినా పాడె కట్టక ముందే నింద సముద్రం మీద వేశారు. సముద్రం ఎదురు మాట్లాడదు కదా! అత్త బతికుంటే మాట్లాడేది. లేదు కనక నేను రాస్తున్నాను. కటువుగా ఉంటే ఉండనివ్వండి.

మా పేట కళింగపట్నానికి ఆనుకుని ఉంటుంది. మగాళ్లు వేటకు వెళ్తారు, పడవ ఒడ్డుకు రాగానే ఇసక మీదే వేలం పాట జరుగుతుంది. చేపల గుట్ట చుట్టూ ఆడవాళ్లు నిలబడి పాడుకుంటారు, దక్కిన వాళ్లు ఊళ్ల మీదకు పట్టుకుపోయి అమ్ముతారు. మావయ్య గుజరాత్ పడవల్లో పనికి పోయి ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడే ఉంటాడు. ఇల్లు నడిచేదంతా అత్త బుట్ట మీదే. అందరూ నెత్తిన బుట్టతో ఆటో కోసం నిలబడితే మా అత్త మావయ్య పాత సైకిలు తీసింది. మగాళ్ల సైకిలు, మధ్యలో కడ్డీ ఉన్నది. చీర మోకాళ్ల కింద బిగించి, వెనక క్యారియరుకు వల తాడుతో బుట్ట కట్టి, గార మీదుగా శ్రీకాకుళం పొలిమేర దాకా తొక్కేది. మొదట్లో నవ్వారట. "మగ సైకిలే" అని ఎవరో అంటే, "అయితే ఏటి? నానెక్కితే అరస్తాదా?" అందట.

"అయితే ఏటి" అన్నది ఆమె ఊతపదం. వాన పడుతోంది అత్తా అంటే అయితే ఏటి. పెద్దలు కోపంగా ఉన్నారు అంటే అయితే ఏటి. చదివిన కరపత్రాల్లోంచి నేను ఏదైనా గొప్ప మాట వల్లిస్తే కూడా అదే, కాకపోతే ఆ తరవాత నా కంచంలో చేప తలకాయ వేసేది. "తినరా అల్లుడూ, నీకది తక్కువ."

ఈ పోటీల సంగతి ఆమె చెవిన వేసింది నేనే, అదీ కోపంతో. బయటి ఊరి వాళ్లెవరో మన ఒడ్డున ట్రయాథ్లాన్ పెడుతున్నారని తెలిసింది. ముందు సముద్రంలో ఈదాలి, వెంటనే సైకిలు తొక్కాలి, దిగి పరిగెత్తాలి, మధ్యలో ఆగకూడదు. అలాంటివి మూడు, ఒకే శని ఆదివారాల్లో. శనివారం పొద్దున చిన్నది, సాయంత్రం మధ్యది, ఆదివారం పెద్దది. పెద్దదానిలో సైకిలే తొంభై కిలోమీటర్లు. ఎవరికి కావలసినది వాళ్లు ఎంచుకోవచ్చు. ఊరి వాళ్లు కూడా దిగొచ్చు అని చివర ఓ ముక్క. నాకు మండింది. మన ఒడ్డు, మన పడవల దారి, వాళ్లకి ఆట స్థలమా? "ఈ తీరం ఎవరిది?" అని పెద్ద అక్షరాలతో కాగితాలు రాసి పేటంతా అంటిస్తానన్నాను.

అత్త కవల చేప పొలుసు గీకుతోంది. కత్తి ఆపలేదు.

"తీరం మనదేనా?"

"మనదే!"

"మనదైతే మనం దిగాల గానీ కాగితాలు అంటిస్తావేటిరా? దిగినోడు ఈదుతాడు, సూసినోడు గోడకి జిగురు రాస్తాడు."

అత్త చేపను రెండో వైపు తిప్పింది. ఆమే అడిగింది. "ఆ మూడూ ఒక్క మనిషే సెయ్యొచ్చా?"

చెయ్యొచ్చు అన్నాను. బయటి వాళ్లు ఒకరిద్దరు అలా పేర్లిచ్చారని కూడా చెప్పాను. మర్నాడు ఆమె వెళ్లి మూడింటికీ పేరిచ్చి వచ్చింది.

ఆమెకి ఈత కొత్త కాదు. చిన్నప్పుడు వంశధార సముద్రంలో కలిసేచోట మా నాన్నతో సమానంగా ఈదిందట. ఈడొచ్చాక మాన్పించారు. మా వైపు ఆడమనిషి పడవ ఎక్కదు, పడవలు లోపలున్నప్పుడు సముద్రంలో ఈదదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియదు. అడిగితే పెద్దలు చెప్పారంటారు. ఆ పెద్దలకు ఎవరు చెప్పారో ఏ పెద్దా చెప్పడు. పోటీకి పేరిచ్చిన రోజు నుంచి అత్త అమ్మకం ముగించుకొచ్చి, తన కూతురి పాత పంజాబీ డ్రస్సు తొడుక్కుని, పట్టపగలు అందరూ చూస్తుండగా ఏటి మూతిలో దిగేది. దాక్కుని ఈదితే దొంగతనమవుతుందనేది.

పోటీలకు ముందు రోజు, శుక్రవారం నాడు పాట దగ్గర గొడవ మొదలైంది. మా దగ్గర పాట నడిపే పెద్దాయన ఉన్నాడు, ఆయన ఒప్పుకుంటేనే ఎవరి పాటైనా చెల్లుతుంది. ఆయన గొంతు సవరించుకుని అందరి ముందూ అన్నాడు.

"పడవలు లోపలుండగా నువ్వు నీళ్లలో దిగితే వేట పాడవుతాది. దిగినావా, ఇంక ఈ పాటలో నీ గొంతు వినబడకూడదు."

అంటే ఏమిటో తెలుసా? పాటలో గొంతు లేకపోతే చేప లేదు. చేప లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి లేదు. ఎంత శాంతంగా అన్నాడో! నేను ముందుకు దూకబోతే అత్త మోచేత్తో నన్ను వెనక్కి నెట్టింది.

"ఒక మాట అనుకుందాం మావా" అంది. "మూడూ పూర్తి సేత్తాను. సెయ్యలేకపోతే నా బుట్ట తెచ్చి నీ కాళ్లకాడ పెట్టి పోతాను, మళ్లీ ఈ ఇసక తొక్కను. సేస్తే మాత్రం సోమారం పాటకొస్తాను. సరేనా?"

అంతమంది ముందు అడిగేసరికి ఆయన సరే అనాల్సి వచ్చింది. ఆమె ఎలాగూ చెయ్యలేదని నవ్వుతూనే అన్నాడు.

శనివారం పొద్దున చిన్నది తేలిగ్గానే ముగించింది. సాయంత్రం మధ్యది చివరి వాళ్లలో ఒకతెగా ముగించింది. రాత్రి అరికాళ్లకు కొబ్బరినూనె రాసుకుంటూ, "పరుగే తగువుగా ఉన్నాదిరా, మిగతా రెండూ మన పనే" అంది. నేను భయపడుతున్నానని కనిపెట్టి, "పడుకో. ఈదేది నాను" అని దీపం ఆర్పేసింది.

ఆదివారం అలలు గట్టిగా ఉన్నాయి. అయినా ఈతలో ఆమె వెనకబడలేదు. ముందున్న వాళ్లలోనే ఒడ్డుకొచ్చింది, వస్తూ వస్తూ ముక్కు చీది, నవ్వి, ఈతకని ఇచ్చిన రబ్బరు టోపీ నెత్తి మీదుండగానే సైకిలెక్కింది. వాళ్లవి గాలికి ఎగిరే సైకిళ్లు. ఆమెది ఆ కడ్డీ సైకిలు, బుట్ట ఒక్కటే విప్పింది. శ్రీకాకుళం పొలిమేర దాకా పోయి రావాలి, అదీ రెండుసార్లు. నేను స్నేహితుడి మోపెడ్ మీద దూరంగా వెంటపడ్డాను. చెయ్యి సాయం చెయ్యకూడదు, నోటి సాయం చెయ్యొచ్చు.

గార దగ్గర మొదలైంది. అది ఆమె రోజూ అమ్ముకునే దారి. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ పిలిచింది. "ఓలె సేపలమ్మా, ఈయేల బుట్టేదే?"

అత్త బ్రేకు వేసి కాలు దించింది! "బుట్ట ఇంటికాడున్నాది అమ్మా, నాను మాత్రమే వొచ్చినాను. మంగళారం కవలలు తెస్తాను."

"ఆ నెత్తి మీద రబ్బరు టోపీ ఏటే?"

"ఫేషనమ్మా!"

మళ్లీ ఎక్కింది. నాలుగు వీధులు దాటక ముందే ఇంకొకరు. ఆ పక్క ఊళ్లో మరొకరు. పిలిచిన ప్రతి గుమ్మం ముందూ ఆగింది, పలికింది, ఎక్కింది. తిరుగు దారిలో మళ్లీ అవే గుమ్మాలు. నాకు ప్రాణం మీదకొచ్చింది. మోపెడ్ పక్కకు తెచ్చి అరిచాను. "అత్తా, టైము పోతోంది! ఇది బేరం కాదు, పోటీ!"

"పిలిస్తే పలక్కుండా పోతే రేపు పిలుస్తారేటిరా?" అంది, నా వైపు చూడకుండా తొక్కుతూ. "నాను పరాయిదాన్నైపోతాను."

అది పొరపాటే. పోటీ లెక్కలో శుద్ధ పొరపాటు. చేపలమ్ముకునే మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు. కానీ ఇవాళ ఆ రోడ్డు మీద పోతుంటే ఆ గుమ్మాలే నన్ను ఆపి ఏడుస్తున్నాయి. లెక్క ఏదో మీరే చెప్పండి.

పరుగు మొదలెట్టేసరికి ఎండ నడినెత్తి దాటింది. సగం దూరం పరుగు, సగం నడక. కాలి బొటనవేలు పగిలి చెప్పు ఎర్రబడింది. చెప్పులు విసిరేసి ఉత్తికాళ్లతో నడిచింది. చివరికి ఒడ్డుకొచ్చేసరికి పోటీ ముగిసిందని ఈల వేసి చాలాసేపైంది. గెలిచిన వాళ్లు ఫొటోలు దిగి వెళ్లిపోయారు. చివర గీత మీద నిలబెట్టిన, గాలి ఊదిన పెద్ద రబ్బరు ద్వారానికి గాలి తీసేస్తున్నారు. అది ఒక పక్కకు ఒరిగి ఇసక మీద ముడతలు పడి పడుకుంటోంది. మైకు పట్టుకున్న కుర్రాడు మంచివాడే. "అమ్మా, టైమైపోయిందమ్మా" అన్నాడు నొచ్చుకుంటూ.

"నీ టైము నీకాడుంచు బాబూ. గీత ఎక్కడో సూపించు."

వాడు కాసేపు ఆమె కాళ్ల వైపు చూశాడు. తరవాత తన కాలి మడమతో ఇసకలో అడ్డంగా ఒక గీత గీశాడు. మా అత్త దాన్ని దాటింది. దాటి, అక్కడే కూలబడి, నీళ్లు తాగి, "అయిపోనాది" అంది.

పాట పెద్దాయన అక్కడే ఉన్నాడు, మరికొందరితో. "అవలేదు" అన్నాడు. "టైము దాటిపోయినాక వొచ్చినావు. లెక్కలోకి రాదు. బుట్ట తెచ్చి పెట్టు."

"పూర్తి సేత్తానన్నాను మావా. ఎన్ని గంటలకని అన్లేదు."

ఆయన నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వు చూశాక రాత్రంతా నేను కూర్చుని ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాను. హక్కు, శ్రమ, ఆచారం పేరిట అణచివేత, అన్నీ ఉన్నాయి అందులో. తెల్లవారి పాటకు వెళ్తుంటే అత్త అడిగింది, "ఏటి గొణుగుతున్నావు?" చెప్పాను. "ఒగ్గీ" అంది. "సేపలు పాడైపోతాయి, బెగ్గి నడు."

పడవ ఒడ్డు పట్టింది. చేపలు గుట్టపోశారు. పాట మొదలైంది. అత్త మొదటి పాట పాడింది. పెద్దాయన వినలేదు, వేరే వాళ్ల వైపు తిరిగి "ఇంకెవరు?" అన్నాడు. మళ్లీ పాడింది, ఇంకాస్త పెంచి. "ఇంకెవరు?" అన్నాడు. ఆమె మొహంలో రంగు పోవడం అదొక్కసారే చూశాను నేను. ఆ పాట పోతే ఆ ఇల్లు పోతుంది. 

పక్కనున్న నూకాలుని చూసి పెద్దాయన, "నువ్వు పాడు" అన్నాడు. నూకాలుకీ అత్తకీ గుట్ట గుట్టకీ పోటీయే. ఏళ్ల తరబడి జుట్టూ జుట్టూ పట్టుకోని వారం లేదు.

నూకాలు చేతిలో బుట్ట బోర్లా వేసి దాని మీద కూర్చుంది. "ముందు పాడినోళ్ల పాట సెప్పు. అది సెప్పకపోతే నానూ పాడను."

"నీకేటే మధ్యలో?"

"నాకేటా? ఈయేల దాని గొంతు నొక్కినావు, రేపు నాదీ నొక్కుతావు. అయినా నిన్న దాన్ని సూసినావా? నీ కాలికి ముల్లు గుచ్చుకుంటే రెండ్రోజులు పాటకి రావు!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వెనక ఇంకో బుట్ట బోర్లా పడింది. ఇంకొకటి. చూస్తుండగానే గుట్ట చుట్టూ ఆడవాళ్లంతా బుట్టల మీద కూర్చున్నారు. ఎండ ఎక్కుతోంది. చేప కళ్లు తెల్లబడుతున్నాయి. పడవ వాళ్లు ముందు గొణిగారు, ఆ తరవాత అరిచారు, అత్త మీద కాదు, పెద్దాయన మీద. "సెప్పండి బాబూ దాని పాట, సరుకు పోతాది!"

పెద్దాయన ఇసక వైపు చూస్తూ అత్త పాట చెప్పాడు. ఒకటో సారి, రెండో సారి, మూడో సారి. ఎవరూ పెంచలేదు, నూకాలు కూడా.

అత్త చప్పట్లు కొట్టలేదు, ఏడవలేదు, ఎవరికీ దండం పెట్టలేదు. చేపలు బుట్టలోకి ఎత్తుకుంది. తాడు కట్టింది. నూకాలుతో "ఇంతసేపు కూకోని సేపల్ని ఎండబెట్టేసినావు కదే, సచ్చినదానా" అంది. నూకాలు తిరిగి తిట్టింది.

సముద్రం పగబట్టిందని చెప్పుకునే వాళ్లు చెప్పుకోండి. ఆ రోజు మీరూ అక్కడే ఉన్నారు, పాట చెల్లడం మీ చెవులతో విన్నారు.

నాకు గుర్తున్నది ఆ తరవాతది. ఆమె సైకిలెక్కబోయింది. కాలు లేవలేదు. మూడు పోటీలు చేసిన తొడలు కడ్డీ ఎత్తుకు కూడా పైకి రానన్నాయి. రెండుసార్లు ప్రయత్నించి, పళ్లు బిగించి, హేండిల్ పట్టుకుని నడిపించడం మొదలుపెట్టింది. బరువుకు చక్రం ఇసకలో దిగబడింది. నూకాలు ఒక పక్కన చెయ్యి వేసింది. ఇంకొకావిడ రెండో పక్కన. తారు రోడ్డు దాకా తోసుకుంటూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ పోయారు ముగ్గురూ. నేను ఒడ్డునే నిలబడిపోయాను. తడి ఇసక మీద చక్రం గీత ఒక్కటే, లోతుగా, వంకర్లు పోతూ రోడ్డు వైపు సాగింది. దాని రెండు వైపులా ఆడవాళ్ల ఉత్తి అడుగులు.