ముందు తండ్రి పేరు అడగాలి

ఎనభైల చివర్లో నేను బెజవాడలో కంప్యూటర్ చదువు వెలగబెడుతున్నాను. నందిగామలో మా ఇంట్లో వాళ్ళ దృష్టిలో అది టైపు నేర్చుకోవడమే. నా మార్కులు చూస్తే వాళ్ళన్నదే నిజమనిపించేది. సోమవారం ప్రాజెక్టు నడిపి చూపించాలి. నడవకపోతే ఏడాది పోయినట్టే.

ప్రోలాగ్ అనే భాషలో రాశాను. అందులో పని ఎలా చేయాలో చెప్పనక్కర్లేదు. ఏది నిజమో చెబితే చాలు, మిగతాది యంత్రమే తేల్చుకుంటుంది. నాలాంటి బద్ధకస్తుల కోసమే పుట్టిందనుకున్నాను. ఫలానావాడు మా వంశంవాడేనా అన్నది ప్రశ్న. తండ్రీకొడుకుల జాబితా ఇచ్చి, మూలపురుషుడి పేరు చివర్లో ఉంచి, దాని పైన నియమం రాశాను: ఎవరో ఒకాయన మా వంశంవాడై ఉండాలి, ఆయన వీడికి తండ్రి అయి ఉండాలి. యంత్రం కాసేపు ఆలోచించి, మెమరీ నిండిపోయిందని చెప్పి పడుకుంది. మూడుసార్లు అదే జరిగింది.

తప్పు జాబితాలో ఉందనుకుని ఆదివారం జగ్గయ్యపేటలో మా మేనత్త దగ్గరికి వెళ్ళాను. వంశమంతా ఆవిడ నాలుక మీదే ఉంటుంది. అదే సమయానికి చెవిటికల్లు నుంచి మిరప నారు కోసం ఒకాయన వచ్చాడు. ఇంటిపేరు మాదే.

“మీరు మా వంశంవాళ్ళేనా అండీ?” అన్నాను.

“మీరవునంటే అవునండి,” అన్నాడాయన.

నేను అత్త వైపు చూశాను. ఆయనా అత్త వైపే చూశాడు.

“తేలాల్సిందే ముందడిగితే ఎట్టారా? తెలిసింది అడగాలి. నీ లెక్కన పొద్దుగూకేదాకా మొహాలు చూసుకుంటా కూర్చోవాలి,” అని, అత్త ఆయన తండ్రి పేరు అడిగింది. తర్వాత తాత పేరు, ఆపైన ముత్తాత పేరు. మూడో పేరు దగ్గర చేతిలో చెంబు కింద పెట్టింది.

“మా పెదతాతే. నాకు మేనల్లుడి వరస. వీడికి అన్నవుతావు, కూర్చో.”

ఆయనకి కాఫీ వచ్చింది. నాకు అసలు సంగతి తట్టింది. నా యంత్రం చేస్తున్నదీ ఇందాక నేను చేసిన పనే: ఎవరో తెలియనివాడు మా వంశంవాడేనా అని తనను తానే అడుగుతోంది. అది తేలాలంటే ఇంకో తెలియనివాడు, వాడి వెనక ఇంకొకడు.

సోమవారం నియమంలో రెండు మాటలూ అటూ ఇటూ మార్చాను. ముందు తండ్రెవరు, తర్వాత ఆయన మా వంశమేనా. ఒక్క అక్షరం కలపలేదు, తీసేయలేదు. ఏది ముందున్నా అర్థం ఒకటేనని తర్కం పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నవాణ్ణి. జాబితాలో చెవిటికల్లు ఆయన్నీ, ఆయన తండ్రితాతల్నీ చేర్చి, ఆయన పేరు కొట్టాను. మీట మీంచి వేలు తీసేలోపు తెర మీద ‘యెస్’ పడింది.

నిన్నటిదాకా మొద్దులా పడున్న పెట్టె అది. ఏం మార్చావని మా లెక్చరర్ అడిగారు.

“మా అత్త అడిగే వరసలో పెట్టానండి.”

ఆయన నవ్వలేదు. ఇంకోసారి నడపమన్నారు. ఈసారి నా పేరే కొట్టాను. అవునంది. ఎందుకైనా మంచిదని మళ్ళీ అడిగాను.